బండిలోనే గాలి మిషన్: డబ్బా మీది 150 అంకె చెప్పని సంగతులు

బాపట్ల నుంచి చీరాల వైపు, సముద్రం పక్కన సరుగుడు తోటల మధ్య ఇసుక దారులుంటాయి. టైర్లలో 32 పాయింట్ల గాలితో ఆ ఇసుకలోకి దిగితే బండి పదడుగులు పోదు, చక్రం తిరిగినకొద్దీ తన గుంట తనే తవ్వుకుంటుంది. గాలిని 18కి దించితే టైరు అడుగు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలినట్టు నడుస్తుంది. దించడం పెద్ద పనేం కాదు, వాల్వ్ పిన్ను నొక్కిపెట్టడానికి ఒక పుల్ల చాలు. కష్టమంతా తిరిగి హైవే ఎక్కేముందు. 18 పాయింట్లతో 216వ నంబరు జాతీయ రహదారి మీద ఎనభైలో పోతే టైరు పక్కగోడలు వంగి వంగి వేడెక్కుతాయి, పేలిపోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి మళ్లీ 32 కొట్టాలి. చుట్టుపక్కల చూస్తే సరుగుడు చెట్లే తప్ప పంక్చర్ షాపు ఉండదు.

మొదటిసారి వెళ్లినప్పుడు నా దగ్గర లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న మిషన్ ఉండేది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 150 పీఎస్‌ఐ అని రాసుంది. పీఎస్‌ఐ అంటే మనం పాయింట్లనే గాలి ఒత్తిడి కొలతే. మనకు కావలసింది 32, ఇందులో దాదాపు ఐదు రెట్లుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. నాలుగు టైర్లకు 40 నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వేడెక్కి దానంతట అదే ఆగిపోయింది. మూడో టైరు దగ్గర సాకెట్ ఫ్యూజు పోతే డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి మార్చుకోవాల్సి వచ్చింది. ఎండలో నిలబడి ఆ మిషన్ మోత వింటూ, ఈ 150కి అర్థమేంటా అని ఆలోచించడం అక్కడే మొదలైంది.

బోరు మోటారు కొన్న రైతును అడిగితే జవాబు వెంటనే దొరుకుతుంది. మోటారు ఎంత ఎత్తుకు నీళ్లెక్కిస్తుంది అన్నదొక్కటే చూసి ఏ రైతూ కొనడు. ఆ ఎత్తులో గంటకెన్ని లీటర్లు పోస్తుంది అనీ అడుగుతాడు. 200 అడుగుల నుంచి నీళ్లు లాగినా, వచ్చేది చిటికెన వేలంత ధార అయితే మడి తడవదు. గాలి మిషన్‌లో పీఎస్‌ఐ అంటే ఆ ఎత్తులాంటిది. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోస్తుందన్నది ధార. ఈ ధారనే కొన్ని కంపెనీలు సీఎఫ్‌ఎం అని రాస్తాయి, అంటే నిమిషానికి ఘనపుటడుగులు. ఒక సీఎఫ్‌ఎం అంటే 28 లీటర్ల పైచిలుకు. బోరు మోటారులాగే ఇక్కడా ఒక మెలిక ఉంది. ఎదురొత్తిడి పెరిగేకొద్దీ ధార తగ్గిపోతుంది. డబ్బా మీద రాసే లీటర్లు సాధారణంగా పైపు చివర ఏమీ తగిలించకుండా, గాల్లోకి వదిలినప్పటి లెక్క. టైరుకు తగిలించాక అంత రాదు.

ఒకసారి లెక్క కట్టి చూద్దాం. థార్‌కు వచ్చే 255/65 ఆర్18 టైరు లోపల సుమారు 60 లీటర్ల ఖాళీ ఉంటుంది. గాలి 18 నుంచి 32కి పెరగాలంటే 14 పీఎస్‌ఐ ఎక్కాలి. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనం 14.7. అంటే టైరు పట్టేంత గాలిని దాదాపు ఇంకోసారి బయటినుంచి లోపలికి తోయాలి, టైరుకు 57 లీటర్ల చొప్పున. నాలుగు టైర్లకు 230 లీటర్లు. గాల్లోకి వదిలినప్పుడు 60 లీటర్లిచ్చే మంచి సింగిల్ మోటారు మిషన్, టైరు ఒత్తిడి దగ్గర 45 లీటర్ల చుట్టుపక్కల ఇస్తుంది. దానికి ఐదు నిమిషాలు చాలు, పైపు ఒక టైరు నుంచి ఇంకో టైరుకు మార్చే సమయం అదనం. ఏఆర్‌బీ అనే కంపెనీ రెండు మోటార్ల మిషన్ గాల్లోకి 174 లీటర్లు తోస్తుంది, దానికి రెండు మూడు నిమిషాలు. నా చిన్న మిషన్ టైరుకు తగిలించాక 12 లీటర్లు ఇచ్చి ఉంటుంది. అంటే ఆగకుండా నడిచినా 20 నిమిషాలు, చల్లారడానికి తీసుకున్న విరామాలు ఇంకో 20. ఇంతకుముందు అర్థంకాని 40 నిమిషాలు అలా లెక్క తేలాయి.

ఈ తేడా బాగా తెలియాలంటే ట్రాక్టరు వెనక టైరు దగ్గరికి వెళ్లండి. అందులో 12 నుంచి 16 పీఎస్‌ఐ మాత్రమే ఉంటుంది, కారులో సగం. కానీ లోపలి ఖాళీ 200 లీటర్ల పైనే. ఆ 150 పీఎస్‌ఐ మిషన్ దానికి తగిలిస్తే, ఖాళీ టైరు ఒక్కటి నిండడానికే నా నాలుగు టైర్లకు పట్టినంత సేపు కూర్చోవాల్సిందే. ఒత్తిడి అంకె చూసి మిషన్ కొనకూడదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వేడి సంగతి

సైకిలు పంపుతో గాలి కొట్టినవాళ్లందరికీ పంపు కిందిభాగం చేతికి చురుక్కుమనడం గుర్తుండే ఉంటుంది. రాపిడి వల్ల అనుకుంటాం గానీ, ఎక్కువ భాగం గాలిని నొక్కడం వల్ల పుట్టే వేడే. 40 డిగ్రీల గాలిని వేడి బయటికి పోనివ్వకుండా ఒక్కసారిగా 32 పీఎస్‌ఐకి నొక్కితే, లెక్క ప్రకారం అది 160 డిగ్రీలకు చేరుతుంది. 100 పీఎస్‌ఐకి నొక్కితే 290. నిజం మిషన్‌లో కొంత వేడి సిలిండర్ రెక్కల గుండా బయటికి పోతుంది కాబట్టి అంత రాదు, అయినా పిస్టన్ సీలుకు అది పరీక్షే.

అందుకే మిషన్ మీద డ్యూటీ సైకిల్ అని ఒక శాతం రాస్తారు. వయెయిర్ కంపెనీ 400సి మోడల్‌కు 100 పీఎస్‌ఐ దగ్గర 33 శాతం అంటారు. అంటే అరగంటలో 10 నిమిషాలు నడిపి 20 నిమిషాలు ఆపాలి. మనకు కావలసింది 32 పీఎస్‌ఐ కాబట్టి అంతకంటే ఎక్కువసేపే నడుస్తుంది, అది ఊరట. ఊరట కానిది ఇంకోటుంది. ఈ శాతాల్ని సుమారు 22 డిగ్రీల చల్లటి గదిలో కొలుస్తారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బానెట్ కింద ఎంత ఉంటుందో ఊహించుకోండి. 33 శాతం అని రాసి ఉంటే మన ఎండాకాలంలో పాతికే అనుకోవడం మంచిది. 100 శాతం అని రాసిన మిషన్‌కు ధర ఎక్కువ. కానీ నలుగురైదుగురు కలిసి వెళ్లి, అందరి టైర్లకూ ఒకే మిషన్ దిక్కయ్యే చోట ఆ ఖర్చు దండగ కాదు. ఒక్క విషయం మాత్రం తప్పక చూడండి, వేడెక్కితే దానంతటదే ఆగే థర్మల్ కటాఫ్ ఉందో లేదో. నా చిన్న మిషన్‌ని ఎంత తిట్టుకున్నా, కాలిపోకుండా ఆగింది ఆ కటాఫ్ వల్లే.

అసలు మీకు అవసరమా

లారీవాళ్లకు ఈ తిప్పలేమీ లేవు. వాళ్ల బ్రేకులే గాలితో పనిచేస్తాయి, కాబట్టి ఇంజిన్‌కే కంప్రెసర్ ఉంటుంది. తెల్లవారుజామున డిపోలో ఆర్టీసీ బస్సు స్టార్ట్ చేసి, బజర్ మోగుతుండగా డ్రైవరు కాసేపు అలాగే ఆగడం చూసే ఉంటారు. ట్యాంకుల్లో గాలి ఎక్కేదాకా బండి కదపకూడదు. చాలా లారీల్లో ఆ లైను నుంచే టైరుకు గాలి పట్టుకునే ఏర్పాటు ఉంటుంది. మన కార్లకు, జీపులకు బ్రేకులు నూనెతో పనిచేస్తాయి కాబట్టి గాలి మిషన్ విడిగా పెట్టుకోవాలి. విదేశాల్లో కొందరు పాత ఏసీ కంప్రెసర్‌ని ఇంజిన్ బెల్టుకు కట్టి గాలి మిషన్‌గా మారుస్తారు. గాలి బాగా వస్తుంది గానీ దాంతోపాటు నూనె తుంపర కూడా వస్తుంది. మన దగ్గర ఆ దారి తొక్కమని నేను చెప్పను.

ఊళ్లోనే తిరిగే కారుకు బండిలో బిగించే మిషన్ అక్కర్లేదు. నిక్కచ్చిగా చెప్పాలంటే పది మందిలో తొమ్మిది మందికి అక్కర్లేదు. 2020 అక్టోబర్ 1 నుంచి, ట్యూబ్‌లెస్ టైర్లు, టైరు ఒత్తిడి చూపే వ్యవస్థ, రిపేరు కిట్టు ఉన్న 3.5 టన్నుల లోపు వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదని నిబంధనలు మార్చారు. అప్పట్నుంచి స్టెప్నీ లేకుండా వచ్చే బండ్లలో చిన్న మిషన్ ఒకటి డిక్కీలో ఉంటోంది. ఒక్క టైరులో నాలుగైదు పాయింట్లు తగ్గితే దానికి అది చాలు. అప్పుడప్పుడు ఇసుకలోకి, బురదలోకి వెళ్లేవాళ్లకు బ్యాటరీ టెర్మినళ్లకు క్లిప్పులు పెట్టి నడిపే పెట్టె రకం మిషన్ సరిపోతుంది. ఇంట్లో రెండు బండ్లుంటే రెండింటికీ పనికొస్తుంది.

బిగించుకోవాల్సింది ఎవరంటే, నెలకోసారైనా టైర్లలో గాలి దించి ఎక్కించేవాళ్లు, గాలితో పనిచేసే డిఫరెన్షియల్ లాక్ (ఒక ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) పెట్టించుకున్నవాళ్లు, పొలాల్లోనో సైట్ల మీదో రోజంతా తిరిగేవాళ్లు. వీళ్లకు కూడా గాలి నిల్వచేసే ట్యాంకు కావాలా అన్న ప్రశ్న వస్తుంది. ట్యాంకు పెడితే టైర్లు చకచకా నిండుతాయన్నది అపోహ. 4 లీటర్ల ట్యాంకులో 150 పీఎస్‌ఐ గాలి నింపితే, అందులోంచి 32 పీఎస్‌ఐ దాకా వాడుకోగలిగేది 32 లీటర్లు. ఒక టైరుకు కావలసిన 57లో సగం కాస్త ఎక్కువ. ఆ తర్వాత మిషనే కొట్టాలి. వీల్ నట్లు విప్పే గాలి గన్ను వాడేవాళ్లకు ట్యాంకు ఉపయోగం. మన దగ్గర ట్యాంకు కావాలని అడిగేవాళ్లలో సగం మంది మనసులో ఉండేది ప్రెషర్ హారన్ అనుకోండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధన ప్రకారం రకరకాల స్వరాల హారన్లు, చెవులు చిల్లులుపడేవి పెట్టకూడదు. ఆ ముచ్చట అక్కడితో వదిలేద్దాం.

కరెంటు దగ్గరే తేడా వస్తుంది

మంచి మిషన్ కొని చెడ్డ వైరు వేస్తే అది చెడ్డ మిషనే. ఈ పాఠం నేను వాసన చూసి నేర్చుకున్నాను. నా రెండో మిషన్‌ని ఒక షాపులో బిగించారు, పేరెందుకులెండి. మొదటి రెండు టైర్లు బాగానే నిండాయి. మూడో టైరు దగ్గర బానెట్ లోంచి కాలిన ప్లాస్టిక్ వాసన. తెరిచి చూస్తే మిషన్‌కు వెళ్లే ఎర్ర వైరు మెత్తబడి బ్రాకెట్‌కు అతుక్కుపోయింది. హెడ్‌లైట్లకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశారు. దారిలో ఫ్యూజు కూడా లేదు.

మల్టీమీటరు పెట్టి చూశాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. అదే సమయంలో మిషన్ టెర్మినళ్ల దగ్గర 11.9. దాదాపు రెండు వోల్టులు దారిలోనే వేడిగా ఖర్చయిపోతున్నాయి. 2.5 రాగి వైరుకు మీటరుకు సుమారు 0.0074 ఓమ్‌ల నిరోధం. చాలా చిన్న అంకె. కానీ వెళ్లడానికి మూడు మీటర్లు, రావడానికి మూడు మీటర్లు, అందులో 28 ఆంపియర్లు పారితే ఒక్క వైరులోనే 1.2 వోల్టులు పోతాయి. మిగతాది వైరు చివర్ల సరిగ్గా నొక్కని లగ్గుల్లో (వైరును బిగించే లోహపు కొసలు), చవక రిలేలో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) పోయింది. వోల్టేజీ తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది, గాలి తగ్గుతుంది, ఎక్కువసేపు నడవాల్సి వస్తుంది, ఇంకా వేడెక్కుతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, లగ్గులన్నీ మళ్లీ బిగించాక మిషన్ దగ్గర 13.1 వచ్చింది. మోత వినడానికే తేడా తెలిసింది.

బ్యాటరీ ముందు ఉండి మిషన్ డిక్కీలో పెట్టాలనుకుంటే దూరం ఐదు మీటర్లు దాటుతుంది. అప్పుడు 10 చదరపు మిల్లీమీటర్లకు వెళ్లాలి. రెండు మోటార్ల మిషన్ 60 నుంచి 70 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి కంపెనీ ఇచ్చే వైరింగే వాడండి, సొంత ప్రయోగాలు వద్దు.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలన్నది చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. ఫ్యూజు కాపాడేది మిషన్‌ని కాదు, వైరుని. బ్యాటరీ నుంచి బయల్దేరిన వైరు ఎక్కడైనా రేకుకు రాసుకుని తెగితే, ఫ్యూజుకు ముందున్న ముక్కకు రక్షణ ఉండదు. అందుకే బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. 30 ఆంపియర్లు లాగే మిషన్‌కు 40 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది, ఆ 40ని తట్టుకునే వైరు ఉంటేనే. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని పెద్దది వేస్తే ఆ తర్వాత పోయేది వైరు.

డ్యాష్‌బోర్డు మీది చిన్న స్విచ్చు గుండా 30 ఆంపియర్లు పంపకూడదు, దాని లోపలి కాంటాక్టులు కాలిపోతాయి. మధ్యలో రిలే ఉండాలి. రిలే కాళ్ల మీద నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా వచ్చే లావు వైరు, 87 నుంచి మిషన్‌కు. 85, 86 లోపలి కాయిల్‌వి. ఒకదానికి ఎర్తు, రెండోదానికి స్విచ్చు. ఆ స్విచ్చుకు కరెంటు తాళం తిప్పితేనే వచ్చే లైను నుంచి తీసుకోండి. అలా అయితే మర్చిపోయి వదిలేసినా రాత్రంతా నడిచి బ్యాటరీ పడుకోబెట్టదు. బండితో వచ్చిన కంపెనీ వైర్లను కోసి జాయింట్లు వేయనివ్వకండి. ఫ్యూజు పెట్టెలో ఖాళీ ఫ్యూజు పక్కన ఇంకో లైను తీసుకునే అడాప్టర్లు దొరుకుతాయి, వారంటీ గొడవ రాకుండా ఉంటుంది.

కొత్త బండ్లలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సారు కూర్చుని ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత వస్తోంది, ఎంత పోతోంది అని అది లెక్క పెడుతుంది. మిషన్ మైనస్ వైరును నేరుగా టెర్మినల్‌కు బిగిస్తే మిషన్ తాగే కరెంటు ఆ లెక్కలోకి రాదు. పెయింటు గీకిన చాసిస్ ఎర్త్ పాయింటుకు బిగిస్తే సరిపోతుంది.

గాలి దారి

మిషన్ నోటి దగ్గర గాలి ఎంత వేడిగా ఉంటుందో పైన చూశాం. అక్కడ నేరుగా నీలం రంగు ప్లాస్టిక్ పైపు తగిలిస్తే మెత్తబడి ఊడొచ్చేస్తుంది. మొదటి అడుగున్నర స్టీలు అల్లిక ఉన్న పైపే ఉండాలి, గాలి చల్లారాక ఏ పైపైనా పర్వాలేదు. ట్యాంకు పెట్టేవాళ్లు గాలి వెనక్కి రాకుండా చెక్ వాల్వ్, నిండగానే ఆపే ప్రెషర్ స్విచ్చు, అది పనిచేయకపోతే గాలి వదిలే సేఫ్టీ వాల్వ్ మూడూ పెట్టాలి. మూడోది లేకుండా ఎవరైనా ట్యాంకు బిగిస్తానంటే ఆ షాపులోంచి వచ్చేయండి.

ఇక పైపు మరల సంగతి. అమెరికా మిషన్లకు ఇవి ఎన్‌పీటీ అనే అమెరికా కొలత రకం. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఇత్తడి జాయింట్లు చాలావరకు బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ కొలత. పావు అంగుళం సైజులో ఎన్‌పీటీకి అంగుళానికి 18 మరలు, బీఎస్‌పీకి 19. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి, రెండు చుట్లు హాయిగా ఎక్కుతాయి కూడా. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నేను అలాగే ఒకటి కొన్నాను. కొలత అడగకపోవడం నా తప్పే. టెఫ్లాన్ టేపు ఇంకో నాలుగు చుట్లు చుట్టి స్పానరుతో బలంగా తిప్పాను, ఎక్కింది. సబ్బు నురగ రాస్తే జాయింటు చుట్టూ బుడగలు బుసబుసా పొంగాయి. విప్పి చూస్తే మిషన్ నోట్లో మొదటి రెండు మరలు నలిగిపోయాయి. అలా బుడగలొస్తే టేపుతో సరిపెట్టకండి, విప్పి మరలు లెక్కపెట్టండి.

ఎక్కడ బిగించాలి అన్నదానికి అందరికీ నప్పే చోటు లేదు. బానెట్ కింద వైరు పొట్టిగా ఉంటుంది, వేడి ఎక్కువ. సీటు కింద చల్లగా, దుమ్ము లేకుండా ఉంటుంది, కానీ ఆన్ చేస్తే మాట వినబడదు. చాసిస్ కింద పెడితే మొదటి వాగు దాటగానే నీళ్లు తాగుతుంది. నేను బానెట్ కిందే పెట్టాను, ఎగ్జాస్టు లేని వైపు చూసి, పలుచటి రేకుకు కాకుండా గట్టి బ్రాకెట్‌కు, రబ్బరు బుష్‌లు వేసి, వదులు కాని నైలాన్ నట్లతో. బిగించాక పది నిమిషాలు నడిపి వైరు మొత్తం పొడవునా చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. ఫ్యూజు పెట్టె దగ్గర చెయ్యి పెట్టలేకపోతే అక్కడ జాయింటు వదులుగా ఉందని లెక్క.

ఇంత చేసినా ఒకటి మర్చిపోయాను. మిషన్ గాలి పీల్చే చోట బొటనవేలంత ఫిల్టరు ఉంటుంది. బ్రాకెట్‌కు బిగించేటప్పుడు దాన్ని బానెట్ లోపలి గోడ వైపు తిప్పి పెట్టేశాను. ఒక ఎండాకాలం తిరిగొచ్చాక ఒక్కో టైరుకు అర నిమిషం ఎక్కువ పడుతోందని గమనించి, నాలుగు నట్లు విప్పి మిషన్ మొత్తం బయటికి తీస్తే ఆ స్పాంజి ఎర్రమట్టి ముద్దలా ఉంది. ఉతికి ఆరబెట్టి, ఈసారి చేతికి అందేలా ఇటు తిప్పి బిగించాను.